సుద్దతో పెట్టిన సంతకం

మనిషన్నాక ఏదో ఒక గర్వం ఉంటుంది. కొందరికి ఇల్లు చూసుకుని, కొందరికి పిల్లల ర్యాంకులు చూసుకుని. విజయభాస్కర్‌ది మరీ అమాయకమైన గర్వం. "నేను కిందికి దిగే ఇంజనీరునండీ" అని చెప్పుకునేవాడు.

నాచారం పారిశ్రామికవాడలో, మల్లాపూర్ వైపు వెళ్లే రోడ్డు మీద, క్రేన్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో అతను డిజైన్ ఇంజనీరు. డిజైన్ వాళ్లు పైన ఏసీ గదిలో కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. ఉక్కు కోసేవాళ్లు, వంచేవాళ్లు, అతికేవాళ్లు కింద షెడ్డులో ఉంటారు. మధ్యలో ఇరవై రెండు ఇనుప మెట్లు. ఆ మెట్లు దిగడం నామోషీ అనుకునే ఇంజనీర్లే ఎక్కువ. కింద ఎవరికైనా అనుమానం వస్తే వాళ్లే డ్రాయింగ్ చంకలో పెట్టుకుని పైకి రావాలి, తలుపు దగ్గర బూట్లు విప్పాలి, చెమట చొక్కాతో ఆ ఏసీలో వణుకుతూ నిలబడాలి. విజయభాస్కర్ మాత్రం రోజుకు నాలుగుసార్లు దిగేవాడు. జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా సుద్దముక్క ఉండేది.

ఈ గుణం అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. రేపల్లె నుంచి పోస్టాఫీసు గుమస్తాగా వచ్చి ఉప్పల్లో స్థిరపడిన బుచ్చిబాబు గారి ఒక్కగానొక్క కొడుకు, ఇంజనీరింగ్ ఫస్టుక్లాసులో పాసైనవాడు. పందొమ్మిదేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన రెండో నెలలో ఒక బిగింపు పలక గీశాడు. కంప్యూటర్ తెర మీద ముచ్చటగా ఉంది. మర్నాడు కింద నుంచి ఒక వెల్డరు పైకి వచ్చాడు. నల్లగా, పొట్టిగా, చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలతో ఉన్న మనిషి. పేరు కృపానందం. బూట్లు విప్పి, లోపలికి వచ్చి, ఒక పానా బల్ల మీద పెట్టాడు.

"సార్, బోల్టు మస్తుగ వెట్టిన్రు. పానా యాడికెల్లి దూర్సాలె? జర కిందికొచ్చి మీరే వెట్టి సూపియ్యిండ్రి."

విజయభాస్కర్ కిందికి దిగాడు. పానా అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బోల్టు మూలలో ఉంది, పానా తిరగడానికి జానెడు చోటు లేదు. షెడ్డంతా చేతులు కట్టుకుని చూస్తోంది. ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ అవమానం. చివరికి కృపానందమే అతని చేతిలోంచి పానా తీసుకుని, "గిది అందరికీ అయితది సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

ఆ రోజు నుంచి విజయభాస్కర్‌కు అతను కృపన్న అయ్యాడు. వేడికి పలక ఎటు గుంజుకుంటుందో, ఏ వైపు ముందు కుట్టి ఏ వైపు తర్వాత కుడితే వంకర పోకుండా ఉంటుందో, కాలేజీలో చెప్పనివన్నీ అతని దగ్గరే నేర్చుకున్నాడు. కృపానందం మాట్లాడిన ప్రతిసారీ కృపానందమే కరెక్టు. ఇలా ఒక మనిషి ప్రతిసారీ కరెక్టు కావడం మంచిది కాదు. వినేవాడికి వినడం అలవాటైపోతుంది, ఆలోచించడం మానేస్తాడు.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. డ్రాయింగ్‌లో ఏదైనా మార్చాలంటే ఒక ఫారం నింపాలి, ఐదుగురు సంతకాలు పెట్టాలి, మూడు వారాలు పడుతుంది. మెషీన్ మూడు వారాలు ఆగదు. అందుకని ఇంజనీరు కిందికి వస్తాడు, ఉక్కు పలక మీదే వెల్డరుతో మాట్లాడుకుంటారు, అనుకున్నది ఇంజనీరు అక్కడే సుద్దతో రాసి, కింద పొడి అక్షరాల సంతకం పెడతాడు. షెడ్డులో అదే శాసనం. తర్వాత ఆ పలక ఇసుకలాంటి ఉక్కు గుళ్లతో కొట్టి శుభ్రం చేసే గదికి వెళుతుంది. మురికీ తుప్పూ సుద్దా అన్నీ ఎగిరిపోతాయి. ఆపైన పసుపు రంగు పడుతుంది. సుద్దతో రాసింది తర్వాత డ్రాయింగ్‌లోకి ఎక్కించాలి. ఎక్కిద్దాంలే అనుకుంటారు. ఆ "లే" దగ్గరే ఆగిపోతుంది.

వెల్డరు సంగతి అలా కాదు. ప్రతి వెల్డరుకూ ఒక నంబరు ఉంటుంది. తను వేసిన అతుకు పక్కన ఆ నంబరును సుత్తితో ఉక్కులోకి దిగేలా కొట్టాలి. ఉక్కు గుళ్లు దాన్ని చెరపలేవు, రంగు దాన్ని కప్పలేదు. కృపానందం నంబరు పదిహేడు. పైవాడి మాట సుద్ద, కిందివాడి పేరు ఉక్కు. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో గానీ, కింద పనిచేసినవాడు మాత్రం కాదు.

రెండేళ్ల కిందట, మార్చిలో, పన్నెండు టన్నుల కొత్త క్రేన్ మొదలైంది. క్రేన్‌కు ముందుకు చాచే పొడుగాటి ఉక్కు చెయ్యి ఉంటుంది, దాన్ని బూమ్ అంటారు. బూమ్ అడుగున బలం కోసం ఒక పట్టీ అతికించాలి. విజయభాస్కర్ గీసిన డ్రాయింగ్‌లో స్పష్టంగా ఉంది: పట్టీ రెండు పక్కలా వెల్డింగ్ వెయ్యాలి, చివర ఇరవై మిల్లీమీటర్లు వదిలెయ్యాలి, మొన చుట్టూ తిప్పకూడదు. ఎందుకంటే బరువెత్తిన ప్రతిసారీ బూమ్ కంటికి కనిపించనంత వంగి లేస్తుంది. వంగే చోట మొన చుట్టూ గట్టిగా అతికేస్తే ఒత్తిడంతా అక్కడే పోగుపడుతుంది. బైండింగ్ వైరును ఒకేచోట పదేపదే వంచితే ఏమవుతుందో అదే అవుతుంది, కాకపోతే ఉక్కుకు రెండేళ్లు పడుతుంది. ఇది కాలేజీలో చెప్పిన పాఠమే, విజయభాస్కర్‌కు బాగా తెలిసిన పాఠమే.

ఆ రోజు కృపానందం పిలిస్తే కిందికి వెళ్లాడు. చెవిలో ఫోను. అవతల ప్లాంటు హెడ్ చిదంబరం, మొదటి మెషీన్ ఏ తారీఖుకు బయటికి పంపుతారో చెప్పమని నిలదీస్తున్నాడు.

కృపానందం పట్టీ మొన దగ్గర వేలు పెట్టి చూపించాడు. "గీ సందు ఇడిస్తే వాన నీళ్లు దూర్తయి సార్. తుప్పు వడ్తది. సుట్టూ మూసేద్దామా?"

వాన నీళ్లు, తుప్పు. నిజమే కదా అనిపించింది. కృపన్న ఎప్పుడు తప్పు చెప్పాడు కనక? ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, జేబులోంచి సుద్దముక్క తీసి, పలక మీద "చుట్టూ ఓకే" అని రాసి, వి.బి. అని గీకి, తారీఖు వేశాడు. "ఇరవై ఎనిమిదికి పంపేస్తాం సార్" అని ఫోనులో చెబుతూ మెట్లెక్కాడు. వెనక్కి చూసి ఉంటే కృపానందం తన ఫోను తీసి పలక మీదికి వంగడం కనిపించేది. చూడలేదు.

పదిహేను సెకన్ల పని. ఆ పదిహేను సెకన్లను విజయభాస్కర్ తర్వాత ఎన్ని వేలసార్లు తిప్పి చూసుకున్నాడో లెక్కలేదు.

మొన్న జూన్‌లో, శామీర్‌పేట దగ్గర ఒక గోదాము కడుతుంటే, ఆ మొదటి క్రేన్ బూమ్ విరిగింది. ఎత్తిన ఇనుప దూలం కిందపడింది. దూలానికి కట్టిన తాడు పట్టుకుని దారి చూపుతున్న కనకరాజు అనే కూలీ కుడికాలు దాని కింద పడింది. డాక్టర్లు మోకాలి కింది నుంచి కాలు తీసేశారు. ముప్పై రెండేళ్ల మనిషి.

విరిగిన ముక్క లారీలో ఫ్యాక్టరీకి వచ్చింది. టార్పాలిన్ తీశారు. అందరూ చుట్టూ మూగారు. విజయభాస్కర్ వంగి చూశాడు. పగులు సరిగ్గా పట్టీ మొన దగ్గర, వెల్డింగ్ మలుపు తిరిగిన చోట మొదలైంది. దాని పక్కనే, పసుపు రంగు కింద నుంచి, పదిహేడు. ఎవరూ ఏమీ అనకముందే అతనికి మొత్తం అర్థమైపోయింది. లేచి నిలబడి, అందరిలాగే అతనూ "అయ్యయ్యో" అన్నాడు.

మర్నాడు పైగదిలో మీటింగు. చిదంబరం డ్రాయింగ్ పరిచాడు. తలలో ఒక్క వెంట్రుక చెదరని మనిషి, ఎవరినీ గట్టిగా అరవడు.

"డ్రాయింగ్ క్లియర్‌గా ఉంది. ఇరవై మిల్లీమీటర్ల ముందే ఆపాలి. మొన చుట్టూ వెయ్యకూడదు. అవునా భాస్కర్ గారూ?"

"అవును సార్" అన్నాడు విజయభాస్కర్. అబద్ధం కాదది. డ్రాయింగ్ అలాగే ఉంది.

కృపానందాన్ని పిలిచారు. తలుపు దగ్గర బూట్లు విప్పాడు. ఒక మేజోడుకు బొటనవేలి దగ్గర చిరుగు, దాన్ని రెండో పాదంతో కప్పుకుని నిలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్లు నిండి రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలు.

"చుట్టూ వెయ్యమని ఎవరు చెప్పారు?" అడిగాడు చిదంబరం.

కృపానందం విజయభాస్కర్ వైపు చూశాడు. ఒక్కసారే. బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. లైను దొరకని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నవాడి చూపు అది. విజయభాస్కర్ నోరు తెరవాల్సిన సమయం అదే. నోరు తెరిచాడు కూడా. మాట బయటికి రాకముందే కృపానందం తల దించుకున్నాడు.

"యాద్ లేదు సార్" అన్నాడు.

విజయభాస్కర్‌కు ఆ క్షణంలో కలిగింది బాధ కాదు, హాయి. గండం గడిచిందన్న హాయి. ఆ హాయి కలిగినందుకు తనమీద తనకే రోత పుట్టింది. రోత పుట్టినా, నోరు మాత్రం మూసే ఉంచాడు.

వారం రోజులు అన్నం సహించలేదు. భార్య ఛాయాదేవి రామంతాపూర్‌లో ఒక స్కూల్లో లెక్కల టీచరు. పిల్లల ముఖం చూసి హోంవర్కు చేశారో లేదో చెప్పే మనిషి. ఒకరోజు పొద్దున డబ్బా సర్దుతూ, "నిన్నటి కూర కూడా అలాగే తెచ్చారు, ఏమిటి సంగతి?" అంది. విజయభాస్కర్ చెప్పాడు. మొదటిసారి ఒక మనిషికి మొత్తం చెప్పాడు. చివర, "నేను అబద్ధం చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు" అన్నాడు.

ఛాయాదేవి డబ్బా మూత బిగించి అతని చేతికిచ్చింది. "మా స్కూల్లో పిల్లలు కూడా ఇదే అంటారు" అంది.

ఇంతలో చిదంబరం పిలిచి ఒక పని అప్పగించాడు. కృపానందం దగ్గర ఒక కాగితం రాయించుకోవాలి. డ్రాయింగ్‌కు విరుద్ధంగా, ఎవరూ చెప్పకుండా, తన ఇష్టప్రకారం, ఆ ఒక్క మెషీన్‌కు అలా వెల్డింగ్ వేశానని. "నా తెలుగు అంతంతమాత్రం. మీరైతే అతనికి అర్థమయ్యేలా రాస్తారు. మీ మాట వింటాడు కూడా. సంతకం పెడితే కేసు గీసు లేకుండా పంపించేద్దాం."

విజయభాస్కర్ అక్కడే నిలబడ్డాడు. "సార్, ఆ ఒక్క మెషీనేనా? మిగతావి చూడొద్దా?"

ఎందుకంటే పైగదిలో ఈ సంగతి అతనికొక్కడికే తెలుసు. ఆ మోడల్‌కు ఆ పట్టీ కృపానందమే వేస్తాడు. సుద్దతో ఒకసారి ఓకే అన్నాక, కొత్త మాట వచ్చేదాకా అదే పద్ధతి. ఆ ఏడాది డిసెంబరులో బూమ్ డిజైన్ మొత్తం మార్చేదాకా మొత్తం పన్నెండు క్రేన్లు అలాగే బయటికి వెళ్లాయి. ఒకటి విరిగింది. పదకొండు ఇంకా ఎక్కడెక్కడో బరువులెత్తుతున్నాయి.

చిదంబరం తల అడ్డంగా ఊపాడు. "ఒక వెల్డరు ఒకరోజు చేసిన పొరపాటు. అలా అయితే ఇక్కడితో అయిపోతుంది. మిగతావి అన్నామంటే ప్రతి కస్టమరూ ఫోన్ చేస్తాడు. మనం అలా అనడానికి మీ దగ్గర ఏదైనా కారణం ఉందా?"

కారణం ఉంది. కారణం చెప్పాలంటే సుద్దముక్క సంగతి చెప్పాలి. "లేదు సార్" అన్నాడు విజయభాస్కర్. ఇది మాత్రం అచ్చమైన అబద్ధం. మొదటిది.

ఆదివారం మధ్యాహ్నం, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, స్కూటర్ మీద బయల్దేరాడు. తను ఉండే చిలుకానగర్ నుంచి నాచారం ఎంత దూరం, పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో రెండుసార్లు స్కూటరు ఆపాడు. ఒకసారి నీళ్లు తాగడానికి. రెండోసారి ఎందుకో అతనికే తెలీదు.

కృపానందం ఇల్లు చెరువు వెనక సందులో. రెండు గదులు, ముందు రేకుల వసారా. గోడకు బైబిలు వాక్యాల క్యాలెండరు. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు, కృపానందం తెల్లచొక్కా ఇంకా విప్పలేదు. అతని భార్య పాపమ్మ కుర్చీ తుడిచి వేసింది.

"కూసోండ్రి సారూ. ఎన్నొద్దులకొచ్చిన్రు! మీ అమ్మగారికి పాణం బాగున్నదా?" అంది. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాడు విజయభాస్కర్. కోపం ఉంటే కాస్త తేలికగా ఉండేది. ఆమె లోపలికి వెళ్లి టీ పెట్టింది.

కాగితం తీశాడు. చదివి వినిపించాడు. తన చేతిరాతే, తన వాక్యాలే, తేటతెలుగులో, ఎక్కడా తడబాటు లేకుండా రాసినవి. చదువుతుంటే గొంతు పరాయిదిలా వినిపించింది. "ఎవరూ చెప్పకుండా, నా ఇష్టప్రకారం" అన్నచోట ఆగి, దగ్గి, మళ్లీ చదివాడు.

కృపానందం కళ్లజోడు పెట్టుకుని కాగితం చేతిలోకి తీసుకున్నాడు. గుమ్మంలో అతని కూతురు దోర్కా నిలబడి వింటోంది. ఏఎస్ రావు నగర్‌లో ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఇరవై నాలుగేళ్లుంటాయి.

"ఎవరూ చెప్పకుంటనా సార్?" అంది దోర్కా.

"నువ్వు లోపల్కి పో బిడ్డా" అన్నాడు కృపానందం.

దోర్కా లోపలికి వెళ్లింది. వెంటనే తిరిగొచ్చింది, చేతిలో తండ్రి ఫోనుతో. తెర విజయభాస్కర్ ముఖానికి ఎదురుగా పెట్టింది. "మరి గిదెవరు రాసిన్రు?"

ఉక్కు పలక. పలక మీద తెల్లగా, చుట్టూ ఓకే. వి.బి. తారీఖు. ఫోటో మూలలో, పలక అంచుకు అవతల, విజయభాస్కర్ బూటు. అప్పుడు కొత్తది, ఇప్పుడు అతని కాలికి ఉన్నది అదే.

"సుద్ద చెరిగిపోతది గద సార్" అన్నాడు కృపానందం, తప్పు చేసినవాడిలా. "ఎన్క వచ్చే బండికి ఎంతదాక వెయ్యాల్నో నాకు యాది ఉండదు. అందుకని ఫోటో కొట్టుకుంట. అన్నిట్ల కొట్టుకుంట. గంతే. మీ మీదికేమని కాదు."

"పది రోజుల సంది చెప్తున్న, గా ఫోటో తీస్కపోయి పెద్ద సారుకు సూపియ్యి అని" అంది దోర్కా. "ఇనడు. సారు చెప్తడు తియ్యి, సారే చెప్తడు అంటడు. పొద్దున చర్చిల గూడ గదే అన్నడు. మీరొచ్చి గుమ్మం కాడ నిలవడితే, సూసినవా వచ్చిండు అని నా దిక్కు సూసి నవ్విండు."

విజయభాస్కర్‌కు కూర్చున్న చోటే భూమి చీలితే బాగుండుననిపించింది. నలభై నాలుగేళ్ల వయసులో, ఎవరో పరాయి ఇంటి వసారాలో, చేతిలో టీ గ్లాసుతో అతనికి ఏడుపొచ్చింది. పాపమ్మ చూసి, ముఖం తిప్పుకుంది, చూడనట్టు.

కృపానందం కూతురి చేతిలోంచి ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "అడిగింది నేనే సార్. మీరు డ్రాయింగ్‌ల సక్కగనే గీసిన్రు. సుట్టూ మూసేద్దామా అని నేనడగకపోతే మీరు రాస్తుండెనా? నా పాపం నాకున్నది. గా కనకరాజు కాలు నా కలలకొస్తున్నది. సంతకం వెడ్త, ఏం లేదు." పెన్ను కోసం చెయ్యి చాచాడు. విజయభాస్కర్ పెన్ను ఇవ్వబోతుంటే, ఆగి, అడిగాడు:

"ఒక్కటి చెప్పుండ్రి సార్. నేను గీ సంతకం వెడితే, గా పదకొండు బండ్లు ఆపుతరా?"

అతనికీ లెక్క తెలుసు. అతను వేసిన అతుకులు అతనికి తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి?

"గిండ్ల ఒక్క బండి అని రాసిన్రు. ఒక్కటే అంటే తతిమ్మ బండ్లు సూడరు గద? వాటి కింద గూడ మనుషులుంటరు సార్."

విజయభాస్కర్ పెన్ను మూత పెట్టాడు. కాగితం కృపానందం చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. చింపలేదు. నాటకం చేసే ఓపిక అతనికి లేదు. "అన్నా, ఆ ఫోటో నాకు పంపించు" అని మాత్రం అన్నాడు.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకే వెళ్లి, పన్నెండు మెషీన్ల నంబర్లు తీసి, ఎవరికి అమ్మారో వరసగా రాసి, పైన తను ఏ తారీఖున ఏం రాశాడో, ఎందుకది తప్పో రాశాడు. ఫోటో జతచేశాడు. డ్రాయింగ్ మార్పు కాగితం మీద ఏ ఐదుగురి సంతకాలు ఉండాలో ఆ ఐదుగురికీ పంపాడు. సర్వీసు విభాగానికి కూడా పంపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అని అతనికి తెలుసు, కానీ ఇంకా పదకొండు చోట్ల నిప్పుంది కదా.

చిదంబరం పిలిచాడు. అప్పుడు కూడా అరవలేదు. "మిమ్మల్ని ఎవరైనా అడిగారా భాస్కర్ గారూ?"

"లేదు సార్. అందుకే ఇన్నాళ్లు పట్టింది."

ఆ తర్వాత జరిగింది కథల్లో జరిగినట్టు జరగలేదు. మెచ్చుకున్నవాడు లేడు. విజయభాస్కర్‌ను డిజైన్ నుంచి తీసి, విడిభాగాల జాబితాలు రాసే చోట కూర్చోబెట్టారు. కిటికీ లేని గది. కృపానందాన్ని సంతకం లేకుండానే పంపించేశారు, నాలుగు నెలలు కూడా ఆగలేదు. ముప్పై ఏళ్లు పనిచేసిన షెడ్డులోంచి ఒక శాలువా కూడా లేకుండా, తన ముసుగు, తన చేతి తొడుగులు సంచిలో వేసుకుని నడిచి వెళ్లాడు. నిజం చెబితే అంతా చక్కబడుతుందని పెద్దలు అంటారు. ఆ పెద్దలు ఏ ఫ్యాక్టరీలోనూ పనిచేసి ఉండరు.

కానీ మెషీన్లు ఆగాయి. సర్వీసు వాళ్లు ఒక్కొక్కటీ వెతికి పట్టుకున్నారు. కీసరలో రెండు, చర్లపల్లిలో ఒకటి, కరీంనగర్‌లో మూడు, అలా పది దొరికాయి. పదింటిలో మూడింటికి మొన దగ్గర అప్పటికే వెంట్రుకవాసి పగుళ్లు. ఆ మూడు ఫోటోలూ చూసిన రోజు విజయభాస్కర్ డబ్బా ఖాళీ చేసి ఇంటికి తెచ్చాడు. ఛాయాదేవి మూత తీసి చూసి, డబ్బా కడగడానికి పెట్టింది.

ఉస్మానియా దవాఖానాకు వెళ్లి కనకరాజును కూడా చూసి వచ్చాడు. కనకరాజు అతనెవరో అర్థం చేసుకున్నాక, గోడవైపు తిరిగి పడుకున్నాడు. విజయభాస్కర్ పావుగంట నిలబడి, వచ్చేశాడు.

పదకొండోది దొరకలేదు. మొదట కొన్న కాంట్రాక్టరు ఇంకొకరికి అమ్మాడు, అతను మరొకరికి అమ్మాడు. ఆ మూడో మనిషి ఫోను నంబరు ఇప్పుడు లేదు. నంబరు పలక పీకేసి ఉంటారు, అదే పసుపు మళ్లీ మందంగా వేసి ఉంటారు. సర్వీసు వాళ్లు రెండు నెలలు వెతికి, జాబితాలో దాని పక్కన "ఆచూకీ లేదు" అని రాసి ఫైలు మూసేశారు. వాళ్లకు ఫైలు ఉంది కనక మూసేశారు.

విజయభాస్కర్ ఇప్పుడు రోజూ ఆఫీసుకు కొత్త ఫ్లైఓవరు పని జరిగే వరంగల్ రోడ్డు మీదుగా చుట్టుతిరిగి వెళుతున్నాడు. దుమ్ము, ట్రాఫిక్కు, ఇరవై నిమిషాలు ఎక్కువ. ఎక్కడ పసుపు క్రేన్ కనిపించినా స్కూటరు ఆపి, హెల్మెట్ తీసి, బూమ్ కిందికి వంగి చూస్తాడు. ఆపరేటర్లు పైనుంచి "ఏయ్, సావడానికొచ్చినవా?" అని అరుస్తారు. కొందరు పిచ్చోడనుకుంటారు. అతను రంగు కింద పదిహేడు ఉందేమోనని వేళ్లతో తడిమి చూసి, వెళ్లిపోతాడు.

అతనొక్కడే కాదు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక కృపానందం ఏదో ఒక బస్సెక్కుతాడు. ఒకసారి ఘట్‌కేసర్, ఒకసారి జవహర్‌నగర్, ఒకసారి పోచారం వెనక కొత్త అపార్టుమెంట్లు లేచేచోట. పాపమ్మ సద్ది కట్టిస్తుంది. మధ్యాహ్నం ఫోను వస్తుంది. విజయభాస్కర్ ఆదివారాలు ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంటాడు.

మొన్న ఆదివారం మొదటి రింగుకే ఎత్తాడు.

"సార్, బీబీనగర్ కాడ ఉన్న. పసుపు బండి. మన పన్నెండు టన్నులదే."

విజయభాస్కర్ లేచి నిలబడ్డాడు. "నంబరు చూశావా అన్నా?"

"రంగు మందంగేసిన్రు, కండ్లకు కనవడ్తలేదు. బతిమిలాడి కిందికి దూరిన. వేలు వెట్టి సూస్తున్న, ఉండుండ్రి." అవతల ఇంజను చప్పుడు. ఎవరో గదమాయించడం. కృపానందం ఆయాసం. చాలాసేపు. "మొదటిది రెండు సార్. రెండోది మూడు. ఇరవై మూడు. బూమ్ మార్చినంక వచ్చిన బండి. మనది కాదు."

"సరే అన్నా, బయటికి రా. జాగ్రత్త."

"వచ్చే ఆదివారం భువనగిరి దిక్కు పోత."

"నేనూ వస్తాను" అన్నాడు విజయభాస్కర్. "ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఎనిమిదింటికి ఉంటాను. ఆ ఒక్క ఆదివారం చర్చి మానుకుంటావా?"

అవతల కృపానందం బండి కిందినుంచి బయటికి పాకుతున్న చప్పుడు.

"దేవుడు ఏమనుకోడు సార్" అన్నాడు. "ఎనిమిది వద్దు, ఏడింటికే పోదాం. పని పొద్దుగాలనే షురూ అయితది. బరువులు లేపక ముందుగాల సూడాలె."